హస్త పక్కన గోటిమచ్చ

బేతంచెర్ల మద్దిలేటి చుక్కలను కొలిచి జీతం తీసుకునే మనిషి. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వేవారు. కొడుకు చేసే పనేమిటో వాళ్ళ నాయనకు చివరిదాకా అర్థం కాలేదు. అడిగినవాళ్ళకు "మావాడు కర్నూల్లో సర్వే పనిలో ఉండాడు" అని చెప్పుకునేవాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

కర్నూలు ఊరి బయట ఒక రాతిగుట్ట మీద ఓబులరెడ్డి గారనే రిటైరయిన ఇంజనీరు సొంత డబ్బుతో చిన్న వేధశాల కట్టుకున్నారు. కాలువల శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. తెల్లదొరలు సామాన్లు అమ్ముకుని వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక దొర దగ్గర ఆకాశాన్ని ఫొటో తీసే పెద్ద కెమెరా కొన్నారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఊళ్ళో జనం ఆయన్ని చుక్కల రెడ్డి అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పట్టించుకునేవారు కాదు.

ఆ కెమెరాలో ఫొటో గాజు పలక మీద పడేది. దాన్ని ప్లేటు అనేవారు. ప్లేటు మీద ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా, చీమలు చల్లినట్టు కనిపించేవి. పగలు కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంలో చూస్తూ ఏ చుక్క ఎక్కడుందో కొలిచి రిజిస్టరులో రాయడం మద్దిలేటి పని. ముప్పై నలభై ఏళ్ళ తర్వాత మరెవరో అదే చోటును మళ్ళీ ఫొటో తీస్తే, ఏ చుక్క ఎంత జరిగిందో అప్పుడు తేలుతుందట. "మన కాలంలో తేలే పని కాదురా ఇది. కొలత తప్పు పోకుండా రాసిపెట్టడమే మన వంతు" అనేవారు ఓబులరెడ్డి గారు. స్కూలు ఫైనలు చదివిన మద్దిలేటికి చుక్కల శాస్త్రం తెలియదు. చూపు మాత్రం సూదిమొన లాంటిది. వెంట్రుకవాసి తేడా కూడా వాడి కంటికి దొరికేది. ఓబులరెడ్డి గారికి అప్పటికే కళ్ళలో పొర మొదలైంది. వాడు రాసిందే ఆయనకు వేదం.

గుట్ట మీద పనిచేసే మూడో మనిషి గిడ్డమ్మ. కోసిగి దగ్గరి మనిషి. మొగుడు ఉరుకుందుతో కలిసి కాలువ పనికి వచ్చింది. ఉరుకుందు ముఠాతో పాటు హోస్పేట డ్యాము పనికి పోతే, ఈమె కర్నూల్లోనే ఆగిపోయి ప్లేట్లు కడిగే పనిలో కుదిరింది. బొమ్మ తేలడానికి వేసిన మందులో నుంచి తీసిన ప్లేటును గంటసేపు మంచినీళ్ళలో కడగాలి. నీళ్ళలో నలుసు ఉండకూడదు. తడి ఆరేదాకా దుమ్ము పడకూడదు, చెయ్యి తగలకూడదు. కర్నూలు ఎండల్లో, ఆ గాలిదుమ్ములో అది మాటలు చెప్పినంత సులువు కాదు. గిడ్డమ్మ తుంగభద్ర నీళ్ళను నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, పలకను అంచుల మీదే పట్టుకుని, బాలింత దగ్గరి పసిబిడ్డకు లాల పోసినట్టు కడిగేది. మూడేళ్ళలో ఒక్క ప్లేటు ఆమె చేతిలో చెడలేదు. అయినా మద్దిలేటి ఆమెను "ఏమ్మే, గిడ్డీ" అనే పిలిచేవాడు. ఆమె వాడికంటే పదేళ్ళు పెద్దది.

అది 1952వ సంవత్సరం. మూడేళ్ళుగా వాన లేదు. పల్లెల్లో గంజి కేంద్రాలు తెరిచారు. బేతంచెర్ల చుట్టుపక్కల కూడా పశువులను అడిగిన ధరకు తోలేస్తున్నారు. ఆ ఫాల్గుణంలో మద్దిలేటి పెళ్ళాం పుట్టింట్లో ఆడబిడ్డను కన్నదని కబురొచ్చింది. ఆ రోజు వాడి ముందు ఒకే ఒక్క ప్లేటు ఉంది. హస్త నక్షత్రం ఉన్న చోటును రెండు రాత్రులు కష్టపడి తీసిన ప్లేటు అది. దాన్ని కొలిచేసి మధ్యాహ్నం రైలెక్కి బిడ్డను చూడాలని వాడి ఆరాటం.

ప్లేటు ఇంకా చెక్క స్టాండులో ఆరుతోంది. గిడ్డమ్మ నీళ్ళకు పోయింది. మద్దిలేటి ఆగలేక, తడి పూర్తిగా ఆరకముందే ప్లేటును తీసుకుని కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. గంటసేపు కొలిచాడు. హస్తలోని చుక్కల పక్కకు వచ్చేసరికి భూతద్దం కింద ఒక మచ్చ కనబడింది. ఆవగింజలో సగం ఉంటుంది. రెండు గోళ్ళు ఎదురెదురుగా నొక్కినట్టు రెండు వంపులు, ఒకదాని కొస ఇంకొకదానికి తగులుకుని ఉన్నాయి.

పచ్చి ప్లేటు తీసేటప్పుడు నా గోరు తగిలింది, అనుకున్నాడు. తన గోళ్ళు చూసుకున్నాడు. పెరిగి ఉన్నాయి. గుడ్డకొసతో మెల్లగా తుడిచి చూశాడు. పోలేదు. రెండు రాత్రుల కష్టం తన తొందర వల్ల చెడిందని వాడికి రూఢి అయిపోయింది. పెద్దాయన కోపం ఎరిగినవాడే. అంతకు ముందున్న గుమాస్తాను ప్లేటు అంచు పగలగొట్టినందుకు ఆ పూటే పంపేశారు. ఈ కరువులో, బిడ్డ పుట్టిందని తెలిసిన రోజున, పని పోతే ఎక్కడికి పోవాలి?

ఓబులరెడ్డి గారు లోపలికి వచ్చి "ఎంతదాకా వచ్చిందిరా?" అని అడిగినప్పుడు వాడి నోటి నుంచి వచ్చిన మాట ఇది.

"ప్లేటు చెడిపోయిండాది సార్. గోటిమచ్చ పడింది. కడిగేటప్పుడు తగిలిచ్చినట్టుంది."

పెద్దాయన గిడ్డమ్మను పిలిపించారు. ఆమె తలమీది బిందె దించకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా చెయ్యి కాదు సామీ. నేను అంచులే పట్టుకుంటా. మీకు తెల్దా?" అంది. తర్వాత మద్దిలేటి వైపు చూసింది. "నేను నీళ్ళకు పొయ్యేతప్పుడు పలక స్టాండులోనే ఉండాది. పచ్చిగా ఉండాది. వచ్చేసరికి ఈయప్ప ముందర ఉండె."

"అబద్ధం సార్" అన్నాడు మద్దిలేటి. "ఆరినాకనే తీసుకున్యా."

ఓబులరెడ్డి గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయనకు ఇద్దరి ముఖాలూ మసకగానే కనిపించి ఉంటాయి. ఒకడు చదువుకున్నవాడు, వాడు రాసిందే తనకు చూపు. ఇంకొకతె కూలిమనిషి. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ సాయంత్రమే గిడ్డమ్మ గుట్ట దిగిపోయింది. మద్దిలేటి రిజిస్టరులో ఆ చోట "గోటిమచ్చ, కడిగేటప్పటి చేతి తప్పు" అని ఇంగ్లీషులో రాసి, రైలెక్కి బిడ్డను చూడబోయాడు. బిడ్డ నల్లగా, ఆరోగ్యంగా ఉంది. వాడు ఎత్తుకున్నాడు గానీ ఎక్కువసేపు ఎత్తుకోలేకపోయాడు.

తర్వాత నాలుగేళ్ళు గడిచాయి. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. గుట్ట కిందిదాకా జీపులు తిరిగాయి. వానలు పడ్డాయి. గిడ్డమ్మ పోయాక వచ్చిన ఇద్దరు ముగ్గురు నిజంగానే ప్లేట్లు చెడగొట్టి పోయారు. మద్దిలేటి మాత్రం మంచి గుమాస్తాగా పేరు తెచ్చుకున్నాడు. ఆ విషయం మరిచిపోయానని అనుకునేవాడు. హస్త నక్షత్రం పేరు వినబడితే మాత్రం మాట మార్చేవాడు.

1956 మాఘంలో ఒక రోజు మద్రాసు నుంచి ఇంగ్లీషు సైన్సు పత్రిక వచ్చింది. ఓబులరెడ్డి గారికి అప్పటికి అక్షరాలు కనిపించడం లేదు. మద్దిలేటే చదివి వినిపించేవాడు. కూడబలుక్కుంటూ చదివేవాడు, అర్థం పెద్దాయన చెప్పేవారు. ఆనాటి వ్యాసం గెలాక్సీల గురించి. మన సూర్యుడిలాంటివి కోట్లకు కోట్లు కలిసి ఒక పెద్ద గుంపుగా తిరుగుతుంటే దాన్ని గెలాక్సీ అంటారని, అలాంటి రెండు గుంపులు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయని కొందరు శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారని అందులో ఉంది. ఢీకొన్నా చుక్కకు చుక్క తగలదట. వాటి మధ్య ఎడం అంత ఎక్కువ. నడుమ ఉండే వాయువు, దుమ్ము మాత్రం ఒరుసుకుంటాయి. ఆ రాపిడి వల్లే అక్కడి నుంచి రేడియోకు అందే పెద్ద హోరు వస్తోందేమోనని వాళ్ళ ఊహ.

ఆ ఊహ తర్వాతి కాలంలో చాలా మారింది. అంత హోరుకు వాయువుల రాపిడి ఒక్కటే చాలదని తేలింది. గెలాక్సీ నడిబొడ్డున వెలుతురును కూడా బయటికి పోనివ్వని మహా కృష్ణబిలం ఉంటుందని, ఢీకొన్నప్పుడు వేగం కోల్పోయిన వాయువు లోపలికి జారి దానికి మేత అవుతుందని, అలా అది పెరుగుతూ ఉండవచ్చునని ఇప్పటివాళ్ళు చెబుతున్నారు. ఆనాడు కర్నూలు గుట్ట మీద ఆ మాట ఎరిగినవారు లేరు. బయటి లోకంలో కూడా ఆ పేరు ఇంకా పుట్టలేదు.

మద్దిలేటి పేజీ తిప్పాడు. అవతల ఒక ఫొటో ఉంది. రెండు గోళ్ళు ఎదురెదురుగా నొక్కినట్టు రెండు వంపులు. ఒకదాని కొస ఇంకొకదానికి తగులుకుని ఉంది. కింద హస్త నక్షత్రం ఉన్న చోటు పేరు ఇంగ్లీషులో ఉంది.

వాడు చదవడం ఆపేశాడు.

"ఏమైందిరా? చదువు" అన్నారు పెద్దాయన.

వాడు ఫొటో కింద ఉన్నది చదివాడు. ఓబులరెడ్డి గారు కుర్చీలో ముందుకు వంగారు. "హస్త పక్కనా? మనం తీసిన ప్లేటొకటి ఉండాల గదా ఆ చోటిది! దాంట్లో పడిందేమో చూడు." అంతలోనే ఆయనే వెనక్కి వాలారు. "కాదులే. ఆ గిడ్డమ్మ చెరిపేసిన ప్లేటు గదా అది."

మద్దిలేటి "ఔను సార్" అన్నాడు.

ఈ రెండో మాటే వాడిని తినేసింది. మొదటిసారి భయం ఉంది, కరువు ఉంది, పసిబిడ్డ ఉంది. ఈసారి ఏమీ లేదు. అలవాటుగా వచ్చేసింది. పెద్దాయన పడుకోవడానికి పోయాక వాడు బీరువా తెరిచి ఆ ప్లేటు తీశాడు. భూతద్దం అక్కర్లేకుండానే తెలిసిపోయింది. అదే ఇది. అయినా భూతద్దం పెట్టి చూశాడు. గీత పడితే గాజు మీది పూత చిరిగి ఉండాలి. ఎక్కడా చిరగలేదు. చుక్కలు ఎలా పడ్డాయో మచ్చా అలాగే పడింది. నాలుగేళ్ళ కిందట కుదురుగా చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఎదురుగా అలమరలో ఆకాశంలోని మబ్బుమచ్చలన్నిటికీ నంబర్లు వేసిన లావు పుస్తకం ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. దాంట్లో చూశాడు. ఆ చోట ఆ మచ్చ ఉందని నూట డెబ్బై ఏళ్ళ కిందటే ఎవరో చూసి రాసి పెట్టారు.

అంటే గోరు గిడ్డమ్మదీ కాదు, తనదీ కాదు. ఎవరూ చెయ్యని తప్పుకు తాను భయపడ్డాడు. ఆ భయంతో ఒక మనిషి పొట్ట కొట్టాడు. నిజంగా తన గోరే తగిలి ఉంటే బాగుండేదని వాడికి అనిపించింది. అప్పుడు కనీసం తప్పంటూ ఒకటి ఉండేది.

మూడో రోజు ఊరికి పోవాలని అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నాడు. ద్రోణాచలంలో ఒక బండి, గుంతకల్లులో ఒక బండి మారి కోసిగిలో దిగాడు. స్టేషను దగ్గర క్రైస్తవ మిషనువాళ్ళ చిన్న బడి ఉంది. అక్కడి అయ్యవారి పేరు లేవి. మద్దిలేటి ఆయన్ని గిడ్డమ్మ ఎక్కడుంటుందని అడిగాడు.

"ఏ గిడ్డమ్మ? ఈడ ముగ్గురున్నారు."

"కర్నూల్లో పనిచేసి వచ్చినామె."

"ఓ, చేతివాటం గిడ్డమ్మనా?" అనేసి లేవి నాలుక కరుచుకున్నాడు. "ఊళ్ళో అట్లంటారులెప్పా. నేను అనగూడదు."

మద్దిలేటికి మొదట అర్థం కాలేదు. లేవి అయ్యవారు బడి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెప్పాడు. గిడ్డమ్మను ఎందుకు తీసేశారని కర్నూలు పోయిన ఊరివాడొకడు గుట్ట కింద కాపలావాడిని అడిగాడట. చేతి తప్పు అని వాడు చెప్పాడట. ఆ మాట కోసిగి చేరేసరికి చేతివాటం అయింది. దొంగతనం చేస్తే దొర తరిమేశాడన్నారు. కరువు నాడు గంజి కేంద్రంలో వంటకు చేర్చుకున్నవాళ్ళు రెండో రోజే మానిపించారు, పిండి దగ్గర అలాంటి మనిషి ఎందుకని. ఉరుకుందు డ్యాము పని నుంచి వచ్చి ఆ మాట విని పెళ్ళాన్ని కొట్టాడు. తర్వాత నమ్మాడు గానీ ఊరు నమ్మలేదు.

"ఇప్పుడు యాడుంటాది?" అన్నాడు మద్దిలేటి.

"పత్తి చేనికి పోయింటాది. కూలి దొరికిందే ఎక్కువ."

పొద్దు వాలుతుండగా చేను చేరాడు. నల్లరేగడి నేల. పత్తి ఏరిన ఆడవాళ్ళు ఒడిలో నింపుకున్న పత్తిని కుప్ప మీద పోసి వరుసగా గట్టెక్కుతున్నారు. గట్టు మీద ఆసామి తరపు మనిషి నిలబడి ఉన్నాడు. పదిమందీ వాడి ముందు నుంచి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. పదకొండో ఆమె ఆగింది. వాడు ఏమీ అడగలేదు. ఆమె తనంతట తానే చెంగు విప్పి, ఒడి దులిపి, కొప్పు కూడా విప్పి చూపించి, మళ్ళీ ముడేసుకుని నడిచింది. వాడు బీడీ వెలిగించుకుంటూ చూశాడో లేదో కూడా తెలియదు. నాలుగేళ్ళుగా రోజూ చేసే పని కాబట్టి ఇద్దరికీ అది పనిలా కూడా లేదు.

మద్దిలేటి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి గుర్తుపట్టింది.

"మద్దిలేటప్ప గదా. ఏమి ఇట్లొచ్చినావు?"

"గిడ్డమ్మక్కా, నీతో మాట్లాడల్ల."

"అక్క ఎప్పటి నుంచి అయిన్యా?" అంది ఆమె. కోపంగా కాదు, పొడిగా.

గట్టు మీద కూర్చోలేక నిలబడే చెప్పాడు. పత్రిక సంగతి, ఫొటో సంగతి, లావు పుస్తకం సంగతి. పచ్చి ప్లేటు తీసింది తానేనని, తన గోరే తగిలిందనుకుని ఆమె మీదికి తోశానని, అసలు గోరే కాదని. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది.

"మల్ల ఏంటిది అది?"

"ఆకాశంలో చుక్కల మందలుంటాయక్కా. మన చుక్కలన్నీ ఒక మంద. అట్లాంటివి దూరంగా శానా ఉండాయి. రెండు మందలు ఎదురుపడి ఒకదాంట్లోకొకటి దూరినాయంట."

"పగిలిపోలేదా?"

"చుక్కలు తగలవంట. ఎడమెడంగా ఉంటాయి. నడుమనుండే దుమ్మూ పొగా అవి గుద్దుకుంటాయంట."

"అయితే నీ గోరు గూడా కాదు?"

"కాదు."

గిడ్డమ్మకు నవ్వొచ్చింది. నవ్వి, ఆ నవ్వును మధ్యలోనే ఆపేసింది. "ఇద్దరమూ చెయ్యల్యా. చెయ్యనిదానికి నేను దినామూ ఒడి దులుపుతాండా." మళ్ళీ అంది: "ఆ పొద్దు నేను నిజం చెప్తే అబద్ధమన్యావు సూడు, అదీ నాకు మనసులో ఉండేది. పని పోతే పోయింది, ఇంకోటి చూసుకుంటాం."

వాడు వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"కాళ్ళొద్దు. రేపు పొద్దున చేని కాడికి రా. అందరుంటారు. నాకు చెప్పింది వాళ్ళకు చెప్పు."

ఆ రాత్రి లేవి అయ్యవారి అరుగు మీద పడుకున్నాడు. తెల్లవారి చేనికి పోయాడు. ఆడవాళ్ళంతా ఉన్నారు, ఆసామి మనిషి ఉన్నాడు, ఉరుకుందు కూడా వచ్చి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. లేవి ముందుగా "ఈయప్ప కర్నూలు వేధశాలలో గుమాస్తా. గిడ్డమ్మ గురించి ఒక మాట చెప్తాడంట" అని పరిచయం చేశాడు. అందరూ మద్దిలేటి తెల్ల చొక్కా వైపు, జేబులో పెన్ను వైపు చూశారు. గౌరవంగానే చూశారు. ఆ చూపే వాడిని దెబ్బ తీసింది.

"గిడ్డమ్మ ఏ దొంగతనమూ చెయ్యలేదు" అన్నాడు. "ఒక గాజు పలక మీద మచ్చ ఉంటే, చేతి తప్పనుకున్నారు. అది చేతి తప్పు కూడా కాదని ఇప్పుడు తేలింది. పొరపాటు జరిగింది."

జనంలో గుసగుస లేచింది. ఒక ముసలామె "అయ్యో, నోటికొచ్చినట్టు అంటిమే" అని బుగ్గలు నొక్కుకుంది. ఆసామి మనిషి తల గోక్కున్నాడు. గిడ్డమ్మ మాత్రం మద్దిలేటినే చూస్తోంది.

"జరిగింది సరే" అంది. "ఎవురు చేసినారప్పా?"

మద్దిలేటి నోరు తెరిచాడు. ఎదురుగా పదిమంది ముఖాలు. వాటిలో ఇంకా ఆ గౌరవం ఉంది. "తొందరలో... సరిగా చూసుకోలేదు. బండికి టైమైతాంది" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. చెంగు నడుముకు దోపుకుని పత్తి చేలోకి దిగిపోయింది.

రైల్లో కిటికీ పక్క కూర్చుని వాడు ఆదోని దాకా తలెత్తలేదు. గిడ్డమ్మ మీది మచ్చ పోయింది నిజమే. ఈ సాయంత్రం ఆమె ఒడి దులపనక్కరలేదు. అయినా వాడికి ఊరట కలగలేదు. అంత దూరం పోయి తన పేరును మాత్రం జాగ్రత్తగా తిరిగి తెచ్చుకున్నాడు. జరిగింది అన్న ఆ ఒక్క మాట వెనక దాక్కున్నాడు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద బండి కోసం నాలుగు గంటలు కూర్చున్నప్పుడు, తిరిగి కోసిగి పోదామా అని రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ కూర్చున్నాడు.

కర్నూలు చేరాక నేరుగా గుట్టెక్కి, ఓబులరెడ్డి గారి కుర్చీ ముందు నిలబడి మొత్తం చెప్పాడు. ఈసారి ఏదీ మిగుల్చుకోలేదు. పచ్చి ప్లేటు, ఆమెను అబద్ధాలకోరును చేసిన మాట, మొన్న అన్న ఔను సార్, ఊరికని చెప్పి కోసిగి పోవడం, అక్కడ మాట మింగడం. పెద్దాయన కళ్ళు వాడి భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి.

"నాలుగేండ్లు మనింట్లోనే ఉండాదన్నమాట ఆ బొమ్మ" అన్నారు చివరికి.

"ఔను సార్."

"బొమ్మ సంగతి పోనీరా. ఆ పొద్దు ఆమె గుమ్మంలో నిలబడి నా చెయ్యి కాదని చెప్పింది. బిందె గూడా దించలేదు. మోసేదాన్ని మోస్తానే చెప్పింది. నేను ఇంకో ప్రశ్న అడిగింటే బయటపడేది. అడగలే." ఆయన చేతికర్ర వెతుక్కున్నారు. "నిన్ను పనిలోనుంచి తీసెయ్యాల. తీసేస్తే నాకు కండ్లు లేవు. తీసెయ్యకపోతే సిగ్గు లేదు. నువ్వే చెప్పు, ఏం చేద్దాం?"

చివరికి ఆయనే "రిజిస్టరు తే" అన్నారు. పాత రాతను కొట్టెయ్యనివ్వలేదు. దాని కిందే కొత్తది రాయించారు. అది రెండు గెలాక్సీల బొమ్మ అని, ముందు రాసింది అబద్ధమని, రాసినవాడు మద్దిలేటి అని, విచారించకుండా నమ్మినవాడు ఓబులరెడ్డి అని. ఇద్దరూ సంతకాలు పెట్టారు. గిడ్డమ్మను మళ్ళీ పనికి రమ్మని కబురు పెడదామన్నారు పెద్దాయన. మద్దిలేటి ఆ రాత్రే ఉత్తరం రాశాడు. తెలుగులో, కూలివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో రాశాడు. జరిగింది అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాడు. నేను చేసినాను, నేను అన్నాను, నేను అబద్ధం చెప్పినాను. లేవి అయ్యవారి పేరిట పంపి, చేని దగ్గర అందరూ ఉన్నప్పుడు చదవమని వేడుకున్నాడు.

పన్నెండు రోజులకు లేవి దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఉత్తరం చదివాడట. గిడ్డమ్మ ఇంకొకసారి చదవమందట. మొదటిసారి నిలబడి విన్నది, రెండోసారి కూర్చుని విన్నది. ఉరుకుందు మీ వేధశాల ఎక్కడుందో అడిగి, కొట్టడానికి వస్తానన్నాడట. గిడ్డమ్మే వద్దన్నదట. పనికి రానన్నది. ఇక్కడే కళ్ళాల పనికి, వంట పనికి ఇప్పుడు పిలుస్తున్నారని, వేరే ఊరికి ఎందుకని అన్నది. మీకు చెప్పమని ఏమీ చెప్పలేదు, అని లేవి ముగించాడు.

మద్దిలేటి ఆ కార్డును పెళ్ళానికి చదివి వినిపించాడు. అంతకు ముందు ఆమెకు ఈ కథ తెలియదు. ఆమె నాలుగేళ్ళ కూతురికి అన్నం తినిపిస్తూ విన్నది. ఆ పూట వాడికి అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

ఓబులరెడ్డి గారు పోయేదాకా వాడు ఆ గుట్ట మీదే పనిచేశాడు. ఆయన జీతం పెంచుతానంటే వద్దన్నాడు. ప్లేట్లు తానే కడుక్కునేవాడు. తెలిసిన ఒకరిద్దరు ఇంక వదిలెయ్యమని చెప్పి చూశారు. అది వదిలేదీ పట్టుకునేదీ కాదని, కాలు బెణికినట్టు అడుగు వేసినప్పుడల్లా తెలుస్తుందని అనేవాడు.

ఉత్తరం రాసిన మరుసటి ఏడు వేసవిలో, కోసిగి నుంచి కలెక్టరాఫీసు పని మీద వచ్చిన ఒక పెద్దమనిషి గుట్ట కింద నీళ్ళడిగాడు. మద్దిలేటి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆయన సగం తాగి, గుట్ట పైకి చూసి, మళ్ళీ ఇతని వైపు చూశాడు.

"ఈడ మద్దిలేటి అని ఒకడుండాడంట. ఆడమనిషి మీద అబద్ధం జెప్పినోడు. నువ్వేనా?"

"నేనేనప్పా" అన్నాడు మద్దిలేటి.

ఆయన పైనుంచి కిందిదాకా చూశాడు. మిగిలిన నీళ్ళు తాగాడు, చెంబు తిరిగి ఇచ్చాడు, కలెక్టరాఫీసుకు దోవ ఎటని అడిగాడు. మద్దిలేటి రోడ్డుదాకా నడిచి వెళ్ళి చూపించాడు.